కార్పెట్ క్లీనింగ్ మెషిన్‌లో నీళ్లు వేడెక్కడం లేదా? హీటర్ ఎలిమెంట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సోఫా, కార్పెట్ క్లీనింగ్ పని చేసేవాళ్లు, హోటళ్లలోనూ ఫంక్షన్ హాళ్లలోనూ హౌస్‌కీపింగ్ చూసుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. ఇవన్నీ చక్రాల మీద తోసుకెళ్లే ఎక్స్‌ట్రాక్టర్ మెషిన్ల గురించే. అంటే వేడి నీళ్లు కార్పెట్ మీదికి స్ప్రే చేసి, వెంటనే మురికి నీటిని వెనక్కి లాగేసే రకం. "కొత్త ఎలిమెంట్ ఎంతవుతుంది?" అని అందరూ ముందే అడుగుతారు. అంతకంటే ముందు పాతది ఎందుకు పోయిందో తెలియాలి. ఆ కారణం మెషిన్‌లో అలాగే ఉంటే కొత్తది కూడా ఎక్కువ రోజులు నిలవదు.

ఈ మెషిన్‌లో హీటర్ ఎక్కడ ఉంటుంది?

మంచినీళ్ల ట్యాంకు నుంచి పంపు నీళ్లు లాగి హీటర్‌లోకి నెడుతుంది. అక్కడి నుంచి వేడి నీళ్లు హోసు ద్వారా వ్యాండ్‌కి (చేత్తో పట్టుకుని కార్పెట్ మీద లాగే గొట్టానికి) వెళ్లి, జెట్ల నుంచి కార్పెట్ మీద పడతాయి. అంటే చాలా మెషిన్లలో వేడెక్కేది ట్యాంకులోని నీళ్లు కావు, దారిలో పోతున్న నీళ్లు. వీటినే ఇన్‌లైన్ హీటర్లు అంటాం. ట్యాంకు లోపలే రాడ్ ఉన్న మెషిన్లూ ఉన్నాయి కానీ, పని సూత్రం ఒకటే.

ఇన్‌లైన్ హీటర్ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి బరువైన లోహపు దిమ్మ. దాని లోపల నీటి పైపు చుట్టలుగా తిరుగుతుంది, పక్కన రంధ్రాల్లో పెన్సిల్ లాంటి కాట్రిడ్జ్ ఎలిమెంట్లు ఉంటాయి. రెండోది స్టీల్ గొట్టం. అందులో గీజర్ రాడ్ లాంటిదే నేరుగా నీళ్లలో మునిగి ఉంటుంది. ఏ రకమైనా ఎలిమెంట్ కట్టుబడి ఒకేలా ఉంటుంది: మధ్యలో నిక్రోమ్ తీగ, దాని చుట్టూ గట్టిగా దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన రాగి లేదా స్టీల్ తొడుగు. ఈ పొడి వేడిని బయటికి పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. తొడుగు చిల్లు పడి ఆ పొడికి తడి తగిలిందంటే ఎలిమెంట్ పని అయిపోయినట్టే.

దీనికి కాపలాగా ఒక థర్మోస్టాట్, వేడి హద్దు దాటితే కరెంటు ఆపేసే ఒక హై లిమిట్ కటౌట్ ఉంటాయి. కొన్నిటిలో థర్మల్ ఫ్యూజ్ కూడా ఉంటుంది. థర్మోస్టాట్ వేడిని బట్టి తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది. కటౌట్ పడిపోతే చాలావాటిలో చిన్న బటన్ నొక్కి మళ్లీ ఎత్తాలి. థర్మల్ ఫ్యూజ్ ఒక్కసారే పనిచేస్తుంది, పోతే మార్చాల్సిందే.

నా మెషిన్‌లో అసలు హీటర్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

నేమ్‌ప్లేట్ చూడండి. హీటర్ వాట్లు విడిగా రాసి ఉంటాయి. ప్యానెల్ మీద హీటర్ స్విచ్, ఇండికేటర్ లైటు ఉంటాయి. చాలా చిన్న మెషిన్లలో హీటర్ ఉండనే ఉండదు, వాటిలో మనమే వేడి నీళ్లు పోయాలి. పాత మెషిన్ కొన్నవాళ్లు ముందు ఈ ఒక్కటి చూసుకుంటే చాలా తిప్పలు తప్పుతాయి.

నీళ్లు వస్తున్నాయి కానీ గోరువెచ్చగానే ఉన్నాయి. ఎలిమెంట్ పోయినట్టేనా?

చెప్పలేం. అసలు ఆ హీటర్ నుంచి ఎంత వేడి ఆశించవచ్చో ముందు లెక్క చూడాలి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి దాదాపు 4.2 కిలోజౌళ్లు కావాలి. 2000 వాట్ల హీటర్ గుండా నిమిషానికి ఒక లీటరు పోతే, నీళ్లు సుమారు 28 డిగ్రీలు వేడెక్కుతాయి. 25 డిగ్రీల నీళ్లు పోస్తే 53 దగ్గర బయటికి వస్తాయన్నమాట. వ్యాండ్ మీది స్ప్రే ట్రిగ్గర్ వదలకుండా నిమిషానికి మూడు లీటర్లు కొడితే పెరిగేది తొమ్మిది, పది డిగ్రీలే. 1000 వాట్ల హీటర్ అయితే అందులో సగం.

కాబట్టి ఆగకుండా స్ప్రే చేస్తూ "వేడి రావడం లేదు" అంటే తప్పు మెషిన్‌ది కాదు. తడి స్ట్రోక్ ఒకటి, తర్వాత స్ప్రే లేకుండా లాగే స్ట్రోక్ రెండు వేస్తే హీటర్‌కి మళ్లీ వేడెక్కే వ్యవధి దొరుకుతుంది. కార్పెట్ కూడా తొందరగా ఆరుతుంది. జెట్ అరిగి రంధ్రం పెద్దదైనా నీళ్లు ఎక్కువ పోతాయి, వేడి తగ్గుతుంది. జెట్ మార్చడం చాలా చవకైన పని, ముందు అది చూడండి.

పని చేసే చోట వోల్టేజీ కూడా చూడాలి. 230కి బదులు 200 వోల్టులే వస్తుంటే హీటర్ ఇచ్చే వేడి దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. ఫంక్షన్ హాల్లో ఒక మూల నుంచి సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు లాక్కొచ్చి పని చేసేటప్పుడు ఇది మామూలే.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా వేడి సగానికి సగం తగ్గిందనిపిస్తే, రెండు ఎలిమెంట్లున్న మెషిన్‌లో ఒకటి పోయి ఉండవచ్చు.

ఎలిమెంటే పోయిందని ఎలా నిర్ధారించుకోవాలి?

ముందు ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. మన దగ్గర చాలా సాకెట్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారుగా ఉంటాయి. అలాంటి చోట స్విచ్ ఆపినా హీటర్ టెర్మినల్ మీద కరెంటు ఉండవచ్చు. పెద్ద మెషిన్లకి రెండు పవర్ కార్డులు ఉంటాయి, ఒకటి తీసి రెండోది మరిచిపోవడం చాలా ప్రమాదం. రెండు ప్లగ్గులూ మీ కళ్ల ముందే ఉండాలి. ట్రిగ్గర్ నొక్కి లైన్‌లో ఉన్న ప్రెషర్ వదిలేయండి. దిమ్మ చల్లారేదాకా ఆగండి. బయటికి చల్లగా అనిపించినా లోపల వేడి నీళ్లు ఉండవచ్చు.

కవర్ తీశాక మీటర్ పట్టుకునే ముందు కళ్లతో చూడండి. నల్లబడిన లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క), కరిగిన స్లీవు, పచ్చగా తుప్పు పట్టిన టెర్మినల్, దిమ్మ మీద తెల్లటి చారలు కనిపిస్తాయేమో చూడాలి. "ఎలిమెంట్ పోయింది" అని వచ్చే మెషిన్లలో ఎలిమెంట్ బాగానే ఉండి లగ్గు మాత్రం కాలిపోయినవి కూడా ఉంటాయి.

తర్వాత ఎలిమెంట్‌కి వచ్చే వైర్లలో కనీసం ఒకటి విప్పేయాలి. విప్పకుండా కొలిస్తే మీటర్ వేరే దారిలో రీడింగ్ చూపించి తప్పుదారి పట్టిస్తుంది. మీటర్‌ని 200 ఓముల రేంజ్‌లో పెట్టి, ముందు రెండు ప్రోబులు కలిపి చూడండి. అక్కడ వచ్చే చిన్న అంకెను తర్వాతి రీడింగ్ నుంచి తీసేయాలి. ఇప్పుడు ఎలిమెంట్ రెండు టెర్మినల్స్ మీద పెట్టండి. మీటర్ ఓఎల్ అనో, ఎడమవైపు ఒంటరిగా 1 అనో చూపిస్తే లోపలి తీగ తెగిపోయింది.

రీడింగ్ సరిగ్గా వచ్చిందంటే తీగ బాగుందని మాత్రమే అర్థం. తొడుగుకి కరెంటు లీక్ అవుతోందా లేదా అన్నది ఇంకా తేలలేదు. ఎలిమెంట్ రెండు వైర్లూ విప్పి ఒక ప్రోబు టెర్మినల్ మీద, ఇంకోటి తొడుగు మీద పెట్టి మీటర్‌ని మెగా ఓముల రేంజ్‌కి మార్చండి. రీడింగ్ ఏమైనా చూపిస్తే అనుమానించాల్సిందే. ఏమీ చూపించకపోయినా నేను మాత్రం 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్‌తో) ఒకసారి చూడమంటాను. మామూలు మీటర్ తన చిన్న బ్యాటరీతో పట్టుకోలేని లీకేజీని మెగ్గర్ పట్టిస్తుంది. ఒక మెగా ఓము కంటే తక్కువ వస్తే ఆ ఎలిమెంట్‌తో పని చేయవద్దు. కొత్తదైతే ఇంతకంటే చాలా ఎక్కువే చూపిస్తుంది. సిరీస్ ల్యాంపుతో (ఎలిమెంట్‌తో వరుసగా బల్బు కలిపి) చూసి "వెలుగుతోంది, బాగుంది" అని తేల్చేసే అలవాటు కొంతమంది ఎలక్ట్రీషియన్లకు ఉంది. ఈ మెషిన్ విషయంలో అది చాలదు.

ఎలిమెంట్ బాగుంటే థర్మోస్టాట్, కటౌట్, థర్మల్ ఫ్యూజ్, స్విచ్ ఒక్కొక్కటే మీటర్ కంటిన్యుటీ సెట్టింగ్‌లో (దారి తెగకపోతే బీప్ ఇచ్చేది) చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఇవన్నీ (స్విచ్ అయితే ఆన్‌లో పెట్టి) బీప్ ఇవ్వాలి. బీప్ రానిది ఏదో అదే తెగింది. కటౌట్ అయితే బటన్ నొక్కి మళ్లీ చూడండి.

మీటర్‌లో ఎన్ని ఓములు రావాలి?

వోల్టేజీని దానితోనే గుణించి వాట్లతో భాగించండి. 230 వోల్టుల ఎలిమెంట్ అయితే 1000 వాట్లకు సుమారు 53 ఓములు, 1500కి 35, 2000కి 26.5, 3000కి 17.6 రావాలి. ఒకటి రెండు ఓములు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. రెండు 1000 వాట్ల ఎలిమెంట్లు పారలల్‌గా (సమాంతరంగా) కలిపిన మెషిన్‌లో మొత్తం 26.5 రావాలి. 53 చూపిస్తోందంటే ఒకటి తెగింది. నీళ్లు సగమే వేడెక్కడానికి కారణం అక్కడే దొరుకుతుంది.

హీటర్ స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే బ్రేకర్) పడిపోతోంది. ఏం చేయాలి?

ఆ సాకెట్ వదిలేసి, ఆర్‌సీసీబీ లేని వేరే సాకెట్‌లో పెట్టి పని పూర్తి చేయాలన్న ఆలోచన మాత్రం దయచేసి పెట్టుకోవద్దు. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడిపోతుంది. అది పడిందంటే కరెంటు ఎక్కడో బాడీకి పోతోంది. మన పని చూడండి: తడి కార్పెట్ మీద నిలబడి, చేతిలో స్టీల్ వ్యాండ్ పట్టుకుని, దాని గుండా నీళ్లు పంపిస్తాం. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ఇదే లీకేజీ మనిషి గుండా పోతుంది. పని చేసే కుర్రాళ్లు చాలాసార్లు చెప్పులు కూడా వేసుకోరు.

హీటర్ స్విచ్ ఆపి, మిగతా మెషిన్ నడిపి చూడండి. అప్పుడు పడకపోతే లీకేజీ హీటర్ వైపే ఉన్నట్టు. పైన చెప్పిన మెగ్గర్ పరీక్ష చేయించండి. నెలల తరబడి మూల పడేసిన మెషిన్‌లో ఎలిమెంట్ చివర్ల నుంచి పొడికి గాలిలోని తేమ పట్టి కూడా ఇలా జరగవచ్చు. అలాంటి ఎలిమెంట్‌ని బయటికి తీసి, మెల్లగా వేడి చేసి ఆరబెట్టి మళ్లీ మెగ్గర్ చేస్తే రీడింగ్ పైకి వస్తుంది. రాకపోతే తొడుగు చిల్లు పడిందనే అర్థం, మార్చేయడమే.

ఆర్‌సీసీబీ కాదు, ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైనా షార్ట్ అయినా ఆపేసే బ్రేకర్) పడుతోంది. అదీ కాసేపు నడిచాక.

అది లోడు సమస్య కావచ్చు. 2000 వాట్ల హీటరే 8.7 ఆంపియర్లు లాగుతుంది. దానికి వ్యాక్యూమ్ మోటార్లు రెండు, పంపు కలిస్తే 16 ఆంపియర్ల సాకెట్ కూడా చాలకపోవచ్చు. అందుకే రెండు కార్డుల మెషిన్లు తయారు చేస్తారు. ఆ రెండూ ఒకే బోర్డులో పెడితే ఉపయోగం లేదు, వేర్వేరు ఎమ్‌సీబీల మీద ఉన్న పాయింట్లు వెతుక్కోవాలి. 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో కన్వర్టర్ పెట్టి వాడితే ఆ సాకెట్ కరిగిపోతుంది. ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చుట్టంతా విప్పి పరచండి, చుట్టలోనే ఉంచితే వేడెక్కుతుంది.

స్విచ్ వేసిన క్షణంలోనే పడిపోతే మాత్రం అది షార్ట్. వెంటనే ప్లగ్ తీసి వైరింగ్ చూడాలి.

ఎలిమెంట్ అసలు ఎందుకు కాలిపోతుంది?

నీళ్లు లేకుండా కాలడం మొదటి కారణం. ట్యాంకు ఖాళీ అయినా హీటర్ స్విచ్ అలాగే ఉండిపోవడం, పంపులో గాలి చేరి నీళ్లు ముందుకు పోకపోవడం, ట్యాంకు అడుగున జల్లెడ మూసుకుపోవడం: అన్నిటి ఫలితం ఒకటే. పంపు శబ్దం వస్తుంది కాబట్టి నీళ్లు పోతున్నాయనుకుంటాం. థర్మోస్టాట్ దిమ్మ మీద ఒక చోటే ఉంటుంది, ఎలిమెంట్‌లో నీళ్లు లేని భాగం మాత్రం మరో చోట ఎర్రబడిపోతూ ఉంటుంది. అందుకే వ్యాండ్ నుంచి గాలి లేకుండా నిండుగా నీళ్లు వచ్చాకే హీటర్ స్విచ్ వేయాలి. పంపు గాలి పట్టి లాగకపోతే, మెషిన్ సొంత వ్యాక్యూమ్ హోసుని నీళ్లు బయటికి వచ్చే కప్లింగ్‌కి పట్టిస్తే గాలి బయటికి లాగేస్తుంది. కొన్ని మెషిన్లతో దీనికోసం చిన్న ప్రైమింగ్ హోసు కూడా ఇస్తారు.

పని అయిపోయాక చాలామంది అన్ని స్విచ్‌లూ ఒకేసారి ఆపేస్తారు. ముందు హీటర్ ఒక్కటే ఆపి, ఒకటి రెండు నిమిషాలు బకెట్‌లోకి స్ప్రే చేసి, నీళ్లు చల్లబడ్డాక పంపు ఆపాలి. దిమ్మలో మిగిలిన వేడికి లోపల నిలిచిన నీళ్లు ఉడికి, సున్నం గట్టిపడేది ఇక్కడే.

రెండో కారణం ఆ సున్నమే. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోయి, కాల్షియం కార్బొనేట్‌గా ఎలిమెంట్ మీద పేరుకుంటుంది. ఆ పొర వేడిని నీళ్లలోకి పోనివ్వదు, లోపల తీగ మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. మన ఊళ్లలో చాలా బోర్లు మొదటి అంకెను సులువుగా దాటేస్తాయి. హైదరాబాద్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒక కుళాయిలో మంజీరా లేదా కృష్ణా నీళ్లు, ఇంకో కుళాయిలో బోరు నీళ్లు వస్తుంటాయి. కస్టమర్‌ని అడిగి మునిసిపల్ నీళ్లు పట్టుకోండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, వాళ్ల కార్పెట్‌కి కూడా అదే మంచిది.

మూడోది లూజ్ కనెక్షన్. టెర్మినల్ దగ్గర సరిగా బిగించని లగ్గు వేడెక్కి, ఆ వేడి ఎలిమెంట్ మెడ దాకా పాకి సీలు పాడు చేస్తుంది. నాలుగోది రసాయనాలు. బ్లీచింగ్ కలిపిన నీళ్లు ట్యాంకులో పోస్తే అందులోని క్లోరిన్ స్టీల్ తొడుగుకి సూది మొన అంత చిల్లులు పెడుతుంది. పూర్తిగా కరగని పొడి షాంపూ ఎలిమెంట్ మీద అడుగంటుతుంది.

పాత ఎలిమెంట్ బయటికి తీశాక పారేయకుండా చూడండి. ఒకే చోట ఉబ్బి పగిలి, నీలంగా మారి ఉంటే నీళ్లు లేకుండా కాలింది. మొత్తం తెల్లగా పెంకు కట్టి ఉంటే సున్నం. చిన్న చిల్లు, చుట్టూ తుప్పు ఉంటే రసాయనం లేదా ఉప్పు నీళ్లు. టెర్మినల్ మాత్రమే నల్లబడితే కనెక్షన్. దాన్ని బట్టి ఏం సరిచేయాలో తెలిసిపోతుంది.

కాలిన ఎలిమెంట్‌ని రిపేర్ చేయవచ్చా?

చేయలేం. అది మూసేసిన గొట్టం, తెరిచి తీగ అతికించే వీలు లేదు. రిపేర్ చేయగలిగేవి దాని చుట్టూ ఉన్నవి: లగ్గులు, వైర్లు, థర్మోస్టాట్, స్విచ్, గాస్కెట్. దిమ్మ రకంలో కాట్రిడ్జ్ ఊడివచ్చేలా ఉంటే అది మాత్రం మార్చవచ్చు. దిమ్మలోనే ఎలిమెంట్ పోత పోసి ఉంటే మొత్తం దిమ్మే మార్చాలి.

థర్మోస్టాట్ దొరకలేదు. డైరెక్ట్ చేసి పని నడిపించవచ్చా?

వద్దు. ఒక్కరోజుకి కూడా వద్దు. ట్రిగ్గర్ వదిలినప్పుడు హీటర్‌లో నీళ్లు కదలవు. అప్పుడు వేడిని మొదట ఆపేది థర్మోస్టాటే, కటౌట్ చివరి కాపలా మాత్రమే. థర్మోస్టాట్ లేక, కటౌట్ కూడా పనిచేయకపోతే నిమిషాల్లో నీళ్లు ఆవిరై, హోసులో ప్రెషర్ పెరిగి, అతుకు దగ్గర ఊడి మనిషి మీద పడుతుంది. పంపు వాల్వులు కూడా కరుగుతాయి. కటౌట్ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసేసి వైరు కలిపేసినవాళ్లున్నారు. ఆ కటౌట్ పడుతోందంటే నీళ్లు సరిగా పోవడం లేదు, లేదా థర్మోస్టాట్ అతుక్కుపోయింది.

థర్మోస్టాట్ దొరికేదాకా హీటర్ వైర్లు విప్పి, చివర్లు ఇన్సులేట్ చేసి, హీటర్ లేకుండానే మెషిన్ వాడుకోండి.

కొత్త ఎలిమెంట్ కొనేటప్పుడు ఏం చూడాలి?

పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. ఫోటో చూపించి కొన్నవి చాలావరకు సరిపోవు. వోల్టేజీ, వాట్లు, పొడవు, వ్యాసం, మరలు లేదా ఫ్లాంజి, టెర్మినల్ రకం అన్నీ కలవాలి. హైదరాబాద్ వాళ్లు ముందు రాణిగంజ్, ట్రూప్ బజార్ చూసుకోవడం మంచిది. అచ్చంగా అదే దొరక్కపోతే శాంపిల్ చూసి తయారు చేసి ఇచ్చే చిన్న యూనిట్లు ఉంటాయి. వాళ్లకి "ఇది పారే నీళ్లలో పనిచేసేది, మా దగ్గర బోరు నీళ్లు" అని చెప్పండి. తొడుగు ఏ లోహంతో చేయాలో దాన్ని బట్టి ఉంటుంది. ఉప్పు శాతం ఎక్కువున్న నీళ్లకి మామూలు 304 స్టీల్ కంటే 316 మేలు, ఇన్‌కాలాయ్ అనే నికెల్ మిశ్రమలోహం ఇంకా మేలు.

మరల విషయంలో చాలామంది పొరపడతారు. అమెరికా మెషిన్లలో ఎన్‌పీటీ మరలు, మన మార్కెట్లో బీఎస్‌పీ మరలు. పావు అంగుళంలో ఎన్‌పీటీకి అంగుళానికి 18 మరలు, బీఎస్‌పీకి 19. అర అంగుళంలో రెండిటికీ 14 కాబట్టి ఎక్కినట్టే ఎక్కుతుంది కానీ, మర కోణాలు వేరు, ప్రెషర్ పడగానే కారుతుంది. ఎంత టెఫ్లాన్ టేపు చుట్టినా ఆగదు. మధ్యలో అడాప్టర్ పెట్టుకోవాలి.

ఎక్కువ వాట్లది వేస్తే ఇంకా వేడి వస్తుంది కదా?

వస్తుంది, దాంతోపాటు స్విచ్, థర్మోస్టాట్, పవర్ కార్డు కూడా వేడెక్కుతాయి. అవన్నీ పాత వాట్లకు సరిపడా పెట్టినవి. ఉన్న వాట్లకే ఉంచండి.

మార్చే పద్ధతి చెప్పండి.

కరెంటు పని అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని చేయండి. ప్లగ్గులు తీసి, ప్రెషర్ వదిలి, ట్యాంకు ఖాళీ చేసి, చల్లారాక మొదలుపెట్టాలి. వైర్లు విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. ఏ వైరు ఎక్కడిదో టేపు ముక్కల మీద రాసి అంటించండి. థర్మోస్టాట్ ఏ స్థానంలో, ఏ వైపు నొక్కుకుని ఉందో కూడా చూసుకోవాలి. మళ్లీ పెట్టేటప్పుడు అది దిమ్మకి పూర్తిగా ఆనకపోతే వేడిని ఆలస్యంగా గుర్తిస్తుంది.

గొట్టం రకం అయితే ఎలిమెంట్‌ని స్పానర్‌తో విప్పేటప్పుడు గొట్టాన్ని ఇంకో స్పానర్‌తో గట్టిగా పట్టుకోండి. లేకపోతే మొత్తం హీటర్ తిరిగి పైపుల అతుకులు విరుగుతాయి. ఎలిమెంట్ వచ్చాక గొట్టం లోపల ఉన్న సున్నం ముక్కలన్నీ తీసేయాలి. అవి అక్కడే ఉంటే రేపు జెట్లలో ఇరుక్కుంటాయి. గాస్కెట్ తప్పకుండా కొత్తది వేయండి. కొత్త ఎలిమెంట్ గొట్టం గోడకి తగలకుండా మధ్యలో ఉండాలి.

కాట్రిడ్జ్ రకంలో రంధ్రం శుభ్రంగా ఉండటం చాలా ముఖ్యం. పాత మసి గీకి తీసేయండి. కాట్రిడ్జ్ రంధ్రంలో బిర్రుగా కూర్చోవాలి. వదులుగా ఉంటే మధ్యలో గాలి ఉండి, వేడి దిమ్మలోకి పోక, కొత్త కాట్రిడ్జ్ కూడా త్వరలోనే కాలిపోతుంది. అతుక్కుపోయిన పాతదాన్ని సుత్తితో బాదితే దిమ్మ పగులుతుంది, లేత్ దగ్గరికి తీసుకెళ్లి తీయించడం నయం.

కనెక్షన్ల దగ్గర మామూలు పీవీసీ వైరు వాడకండి, అది 70 డిగ్రీలకే రేట్ చేసింది. సిలికాన్ లేదా ఫైబర్ గ్లాస్ తొడుగున్న వైరు, వేడికి తట్టుకునే లగ్గులు, సరైన క్రింపింగ్ టూల్ కావాలి. సోల్డర్ చేయవద్దు, వేడికి కరుగుతుంది. ఎర్త్ వైరు పాత చోటనే, పెయింట్ గీకి, స్టార్ వాషర్ వేసి బిగించండి.

కవర్ మూసే ముందు ఓములు, మెగ్గర్ రీడింగ్ మళ్లీ చూడండి. తర్వాత నీళ్లు పోసి, హీటర్ వేయకుండా రెండు నిమిషాలు పంపు నడిపి ఎక్కడైనా కారుతోందేమో చూడండి. ఒక్క చుక్క కారినా ఆపి సరిచేయాలి. అప్పుడు ఆర్‌సీసీబీ ఉన్న సాకెట్‌లో పెట్టి హీటర్ వేయండి. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) ఉంటే హీటర్‌కి పోయే ఒక్క వైరుకే పట్టించి చూడండి. 2000 వాట్లదైతే తొమ్మిదికి కాస్త అటూ ఇటూగా ఆంపియర్లు చూపించాలి. ట్రిగ్గర్ వదిలి ఉంచితే కాసేపటికి థర్మోస్టాట్ ఆపేయాలి. అది ఆపడం మీ కళ్లతో చూసేదాకా మెషిన్ పనికి పంపకండి.

సున్నం పట్టిన హీటర్‌ని ఎలా శుభ్రం చేయాలి?

నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాములు కలపండి. వ్యాండ్ జెట్లు తీసేసి, స్ప్రే మళ్లీ ట్యాంకులోకే పడేలా పెట్టి, హీటర్ ఆపి ఉంచి, పదిహేను నిమిషాలు పంపు తిప్పండి. ఇరవై నిమిషాలు నానబెట్టి మళ్లీ తిప్పండి. నీళ్లు మురికిగా, తెల్లటి పొడితో వస్తాయి. తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్లతో కడిగి, జల్లెడ శుభ్రం చేసి, జెట్లు పెట్టండి. నీటి దారి అల్యూమినియం అయితే నానబెట్టే సమయం తగ్గించాలి.

బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం వాడొద్దు. అది సున్నంతోపాటు స్టీల్‌నీ అల్యూమినియాన్నీ తినేస్తుంది. ట్యాంకులో బ్లీచింగ్ ఆనవాళ్లుంటే ముందు బాగా కడగాలి. బ్లీచింగ్‌కి ఏ యాసిడ్ తగిలినా క్లోరిన్ గ్యాసు వస్తుంది, మూసిన గదిలో అది ప్రాణాంతకం. బోరు నీళ్లతో రోజూ పని చేసే మెషిన్‌కి నెలకోసారి, మునిసిపల్ నీళ్లకి మూడు నాలుగు నెలలకోసారి ఇలా చేస్తే సరిపోతుంది.

అమెరికా నుంచి తెచ్చిన మెషిన్ ఇక్కడ ప్లగ్ పెట్టగానే కాలిపోయింది. ఎలిమెంట్ మారిస్తే సరిపోతుందా?

అక్కడి మెషిన్లు 115 లేదా 120 వోల్టులవి. 230లో పెడితే ఎలిమెంట్ దాదాపు నాలుగు రెట్ల పవర్ తీసుకుంటుంది. 120 వోల్టుల దగ్గర 1000 వాట్లది ఇక్కడ 3600 దాటుతుంది. మోటార్లు, పంపు, బోర్డు కూడా దెబ్బతిని ఉండవచ్చు, ముందు అవన్నీ పరీక్షించాలి. ఎలిమెంట్ ఒక్కటే 230ది వేసినా మిగతావి 120కే పనిచేస్తాయి కాబట్టి లాభం లేదు. తగినంత కేవీఏ (సామర్థ్యం) ఉన్న, వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అసలు రేటింగ్ ఎలిమెంటే వేయడం సరైన దారి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ బరువు, ధర లెక్క వేసుకుంటే ఇక్కడి మెషిన్ కొనడమే చాలామందికి మేలు.

అమెరికాలో ఉండి ఇలాంటి మెషిన్ వాడేవాళ్లకి ఒక మాట. అక్కడి జీఎఫ్‌సీఐ సాకెట్లు (ఆర్‌సీసీబీ లాగే లీకేజీకి ఆపేసేవి) 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పడిపోతాయి. చలికాలమంతా గరాజ్‌లో ఉన్న మెషిన్‌ని బయటికి తీయగానే ట్రిప్ అయితే, ఎలిమెంట్‌కి తేమ పట్టిందేమో ముందు చూడండి. గడ్డకట్టే చలిలో హీటర్‌లో నీళ్లు ఉండిపోతే గొట్టమే పగులుతుంది, నిల్వ చేసే ముందు పూర్తిగా ఖాళీ చేయాలి.

అన్ని కార్పెట్లకీ హీటర్ వేయవచ్చా?

నైలాన్, పాలిస్టర్ కార్పెట్లు వేడిని బాగా తట్టుకుంటాయి. ఏలూరు తివాచీల్లాంటి ఉన్నివాటికి గోరువెచ్చని నీళ్లు, క్షారం తక్కువున్న షాంపూ వాడాలి. మరీ వేడైతే ఉన్ని ముడుచుకుపోతుంది, రంగు దిగవచ్చు. చేత్తో నేసిన ఏ తివాచీకైనా ముందు ఒక మూల తెల్లగుడ్డ తడిపి అద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే మెషిన్ పక్కన పెట్టేయండి. సిల్కు జోలికి వెళ్లవద్దు.

హీటర్ బాగయ్యేదాకా ట్యాంకులో వేడి నీళ్లు పోసి పని చేయవచ్చా?

చేయవచ్చు, చాలామంది చేస్తున్నారు. అయితే మెషిన్ పుస్తకంలో ట్యాంకుకి ఎంత వేడి దాకా పోయవచ్చో రాసి ఉంటుంది, అది దాటకూడదు. మరిగిన నీళ్లు పోస్తే ప్లాస్టిక్ ట్యాంకు వంకర పోతుంది, పంపు డయాఫ్రం గట్టిపడుతుంది. చేతికి ఓర్చుకోగలిగేంత వేడి నీళ్లు పోసి, మూత పెట్టి, హోసు వీలైనంత పొట్టిగా వాడండి. హీటర్ స్విచ్ మీద టేపు అంటించి, "వేయకూడదు" అని రాసి పెట్టండి. సాయంత్రం షిఫ్ట్‌లో వచ్చే కుర్రాడికి ఎలిమెంట్ విప్పిన సంగతి తెలియదు.